4 జీబీ గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్‌లో పెద్ద గేములు ఆడొచ్చా? ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూసి కొనకండి

హాయ్ ఫ్రెండ్స్, ఇవాళ టేబుల్ మీద ఉన్నది ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్, అదీ 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ వేరియంట్. "అన్నా, ఇందులో సైబర్‌పంక్ నడుస్తుందా, రెడ్ డెడ్ 2 నడుస్తుందా" అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, రెండూ నడుస్తాయి. కానీ నడవడం వేరు, రెండు గంటలు కూర్చుని చిరాకు లేకుండా ఆడుకోవడం వేరు. నేను చూసింది ఆ రెండోదే.

చాలా రివ్యూల్లో ఫలానా గేమ్‌కి ఇంత ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఇన్ని ఫ్రేములు అని ఒక టేబుల్ చూపించి వదిలేస్తారు. అది యావరేజ్. మెమరీ తక్కువున్న ల్యాప్‌టాప్ విషయంలో ఆ నంబర్ సగమే చెబుతుంది. స్క్రీన్ మీద చూడండి, సైబర్‌పంక్, 1080పీ, టెక్స్చర్స్, అంటే గోడలు, బట్టలు, నేల మీద పరిచే బొమ్మలు, హైలో ఉన్నాయి. మూలన కనిపిస్తున్న గ్రాఫ్ ఫ్రేమ్ టైమ్, అంటే ఒక్కో ఫ్రేమ్ తయారవ్వడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో చూపిస్తుంది. గదిలో ఉన్నంతసేపు గీత తిన్నగా పోతోంది. ఇప్పుడు బయటికొచ్చి బైక్ ఎక్కి నాలుగు వీధులు దాటాక... అదిగో, గీత ఒక్కసారిగా పైకి లేచింది, సరిగ్గా అప్పుడే బండి పట్టేసినట్టు ఆగి మళ్లీ కదిలింది. పక్కన గోడ మీద పోస్టర్ చూడండి, అక్షరాలు మసకమసకగా ఉన్నాయి, మనం దగ్గరికెళ్లి నిలబడ్డాక గానీ తేటపడలేదు. ఇంత జరిగినా యావరేజ్ ఎఫ్‌పీఎస్ దాదాపు అక్కడే ఉంది.

ఎందుకిలా అంటే, 4 జీబీ వీర్యామ్, అంటే గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ, నిండిపోయింది. పట్టని టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లోకి వెళ్లి కూర్చుంటాయి, కావాల్సినప్పుడల్లా అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఈ కార్డు తన సొంత మెమరీతో సెకనుకి దాదాపు 190 జీబీ వేగంతో మాట్లాడుతుంది, ర్యామ్ నుంచి వచ్చే దారిలో మాత్రం మహా అయితే 16 జీబీ. జీపీయూకి, అంటే గ్రాఫిక్స్ చిప్‌కి, బలం లేక కాదు, సరుకు రాక ఆగిపోతోంది. అందుకే ఇలాంటప్పుడు షాడోస్ తగ్గించి, అది తగ్గించి ఇది తగ్గించి ఎంత తంటాలు పడ్డా ఆ కుదుపు పూర్తిగా పోదు. టెక్స్చర్స్ ఒక మెట్టు దించండి, సైబర్‌పంక్‌లో దానికి మెయిన్ మెనూకి వెళ్లాలి, ఆట మధ్యలో మారదు. ఇంకో విషయం, గేమ్ వెనకాల బ్రౌజర్‌లో పదిహేను ట్యాబ్‌లు తెరిచి పెట్టుకోకండి, అవి కూడా ఇదే వీర్యామ్‌లోంచి కొంత తినొచ్చు.

అలాగని ప్రతి గేమ్‌లో టెక్స్చర్సే తగ్గించాలని లేదు. రెడ్ డెడ్ 2లో అవి తగ్గిస్తే నేల, బట్టలు, గుర్రం జీను అన్నీ అలికేసినట్టు అయిపోతాయి, చూడబుద్ధి కాదు. అక్కడ టెక్స్చర్స్ పైనే ఉంచి వాటర్ ఫిజిక్స్, వాల్యూమెట్రిక్స్, రిఫ్లెక్షన్స్, ట్రీ టెస్సలేషన్ తగ్గించండి, అంచులు నునుపు చేసే ఎంఎస్ఏఏ పూర్తిగా ఆపేయండి. ఆ గ్రాఫిక్స్ మెనూలోనే వీడియో మెమరీ ఎంత వాడుతోందో ఒక గీత చూపిస్తుంది, జీటీఏ 5లో కూడా ఉంటుంది. ఆ గీత చివరిదాకా పోకుండా చూసుకుంటే చాలా వరకు టెన్షన్ తీరినట్టే.

ఇక డీఎల్ఎస్ఎస్ గురించి, అంటే గేమ్‌ని చిన్న సైజులో తయారుచేసి స్క్రీన్‌కి సరిపడా పెద్దది చేసే ఎన్‌విడియా టెక్నిక్. 1080పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గేమ్ తయారయ్యేది 720పీలో, అంటే 20.7 లక్షల పిక్సెళ్ల బదులు 9.2 లక్షలు. జీపీయూకి పెద్ద ఊరట, నేనైతే ప్రతి బరువైన గేమ్‌లో పెట్టుకుంటా. జుట్టు, ఆకులు, దూరంగా ఉన్న కరెంటు తీగలు కొంచెం మెరమెరలాడతాయి, అది ఒప్పుకోవాల్సిందే. ఫ్రేమ్ జెనరేషన్‌ని, అంటే అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చేర్చడాన్ని, మాత్రం నమ్ముకోకండి. ఎన్‌విడియా ఇచ్చేది 3050లో పనిచెయ్యదు, ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ 3 పనిచేస్తుంది గానీ అసలే చాలని వీర్యామ్‌ని అది ఇంకాస్త తీసుకుంటుంది, పైగా 30 ఫ్రేముల్ని 60గా చూపించినా మౌస్ తిప్పితే చేతికి 30 బరువే తెలుస్తుంది. దానికన్నా 40కి లాక్ చేసుకోండి, ఒక్కో ఫ్రేమ్‌కి 25 మిల్లీసెకన్లు, కథ నడిచే గేములకి హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు కొనేవాళ్లు అసలు అడగని సంగతి, వాట్లు, అంటే కార్డుకి ఎంత కరెంటు అందుతుందో, అది తగ్గితే వేగమూ తగ్గుతుంది. ఆర్‌టీఎక్స్ 3050 అని ఒకటే పేరు, కానీ ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్లు దానికి 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంతైనా పెట్టుకోవచ్చు. సన్నటి బాడీలో 35 వాట్లకి కట్టేసిన 3050 ఒకటి, లావుపాటి దాంట్లో 80 వాట్లది ఒకటి, ఈ రెండింటినీ ఒకే కార్డు అని అమ్మడం నాకు అస్సలు నచ్చదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఉంటుంది, కొనేముందు అది చూపించమని అడగండి. ఇక చార్జర్ తీసేసి ఆడదామనుకుంటే ఏ ల్యాప్‌టాప్ అయినా నీరసపడిపోతుంది.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కూడా చూడండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర 2లో 1 అని ఉంటే సింగిల్ చానెల్‌లో, అంటే ర్యామ్ ఒకే దారిలో నడుస్తున్నట్టే, అలాంటిదే ఇంకో ర్యామ్ స్టిక్ వేయించండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాటికి ర్యామే వీర్యామ్. డీడీఆర్4 3200 అయితే ఒక్క స్టిక్‌తో సెకనుకి 25.6 జీబీ, రెండైతే 51.2. వాటిలో పాత గేములు, వాలరెంట్ లాంటివి బాగానే ఆడొచ్చు, నేను పైన చెప్పినవాటిని 720పీలో, అన్నిటికన్నా తక్కువ సెట్టింగ్స్‌తో లాక్కురావాలి.

ఏం చేసినా లాభం లేని గేములు కూడా వచ్చేశాయి. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్, ఈ రెండూ మినిమమ్‌లోనే రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి గీసే పద్ధతి) హార్డ్‌వేర్, 8 జీబీ వీర్యామ్ అడుగుతున్నాయి. జీటీఎక్స్ 1650 లాంటి పాత కార్డులో ఆ హార్డ్‌వేరే లేదు, 3050లో ఉన్నా మెమరీ సగమే. మీకు కావాల్సింది ఇలాంటి కొత్త గేములే అయితే ఈ ల్యాప్‌టాప్ వద్దు, ఇంకొన్నాళ్లు డబ్బు దాచుకుని 8 జీబీ కార్డు ఉన్నది తీసుకోండి. విచర్ 3, రెడ్ డెడ్ 2, ఎల్డెన్ రింగ్ ఇంకా ఆడకుండా మిగిలిపోయినవాళ్లు మాత్రం తీసుకోవచ్చు, అదీ 6 జీబీ 3050 మీ బడ్జెట్‌లో దొరక్కపోతేనే.