91 చాలా, 95 కావాలా? బంకులో చెప్పే ముందు మూత లోపల చూడండి

నమస్కారం అండి. బంకులో కారు ఆపగానే వినిపించే ప్రశ్న: "మామూలుదా సార్, పవరా?" పవర్ అంటే ఎక్కువ ధర పెట్టి కొనే ప్రీమియం పెట్రోల్. జవాబు మీ కారు పెట్రోల్ మూత తలుపు లోపల స్టిక్కరు మీద ఉంటుంది. స్టిక్కరు చిరిగిపోతే కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో ఇంధనం పేజీ తీయండి. కనీసం 91 అని ఉంటే మామూలుదే పోయించండి. 95 అని ఉంటే 95.

ఆ అంకె ఆక్టేన్. అది పెట్రోల్ బలాన్ని చెప్పదు, ఓర్పును చెబుతుంది. పిస్టన్ నొక్కుతున్నా, ప్లగ్ నిప్పురవ్వతో మొదలైన మంట తన దగ్గరికి వచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఆగే ఓర్పు. ఆగలేకపోతే నాకింగ్. అరకు ఘాట్‌లో నిండా జనం, ఏసీ, పై గేరులోనే యాక్సిలరేటర్ తొక్కేస్తే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడొస్తుందే, అదే. వెంటనే ఒక గేరు తగ్గించండి. అయినా వస్తుంటే ప్లగ్గులు, ఇంజిన్‌లో పేరుకున్న కార్బన్ మసి మెకానిక్‌కు చూపించండి. అవి బాగున్నాయంటేనే రెండు ట్యాంకులు ఎక్కువ ఆక్టేన్ ఉన్నది పోయించి చూడండి.

ఇప్పటి ఇంజిన్లలో నాక్ సెన్సర్ ఉంటుంది. అది చప్పుడు పసిగట్టగానే ఇంజిన్ కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేస్తుంది. అందుకే 95 అడిగే టర్బో కారులో 91 పోస్తే ఇంజిన్ అప్పటికప్పుడు పాడవదు గానీ లాగుడు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. అదే 91 చాలని రాసున్న కారుకు ప్రీమియం పోస్తే ఒరిగేదేం లేదు. లీటరుకు 7 రూపాయలు తేడా అనుకున్నా 35 లీటర్లకు 245 రూపాయలు. ఆ డబ్బు దాచి ఎయిర్ ఫిల్టర్ మార్పించండి. ప్రీమియం అంటే ఇథనాల్ (పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్) ఉండదని కూడా అనుకోకండి.

ఇక ఏ కంపెనీది? మన విశాఖలో మల్కాపురం వైపు హెచ్‌పీసీఎల్ (హిందుస్థాన్ పెట్రోలియం) రిఫైనరీ 1957 నుంచి నడుస్తోంది. కంపెనీలు ఒకదాని సరుకు ఇంకొకటి తీసుకోవడం మామూలే. ఎవరిదైనా బీఎస్6 ప్రమాణానికి లోబడాల్సిందే, గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10) దాటకూడదు. తేడా ఎక్కువగా వాళ్లు కలిపే అడిటివ్‌లో ఉంటుంది. అది పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచుతుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో మాత్రం ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోల్ పడదు కాబట్టి అక్కడి మసిని ఏ బ్రాండూ కడగలేదు.

మన ఊళ్లో బ్రాండు కన్నా బంకు ముఖ్యం, కారణం నీళ్లు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ముసురు పట్టినప్పుడు భూమిలోని ట్యాంకులోకి వాన నీరు దిగితే, హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. మీ కారులో ఫ్యూయల్ పంపు లాగేది కూడా అడుగు నుంచే. పోయించుకున్న కాసేపటికే కుదుపులు, ఆగిపోవడం. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. బిల్లు దాచండి, కారును లాగించి ట్యాంకు ఖాళీ చేయించండి. తీసిన పెట్రోల్ కొంచెం గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర కనిపిస్తుంది. తుపాను వెళ్లిన మర్నాడు పల్లంలో ఉన్న బంకుకు పోకండి. ట్యాంకరు దించుతున్నప్పుడు కూడా ఆగడమే మంచిది, అడుగున ఉన్నదంతా కదులుతుంది.

అనుమానముంటే మొహమాటపడకుండా అడగండి. ఫిల్టర్ పేపరు ఇవ్వాలి: నాజిల్ నుంచి ఒక చుక్క వేసి ఆరనివ్వండి. లేత రంగు మిగిలితే ఫర్వాలేదు, జిడ్డు మరక మిగిలితే కల్తీని అనుమానించాలి. కొలత మీద అనుమానమైతే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల డబ్బాలో పట్టించండి, 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు.

చివరగా నాజిల్ టక్కుమని ఆగాక "ఇంకాస్త కొట్టు" అనకండి. ఎక్కువైన పెట్రోల్ ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి పోతుంది. అది తడిస్తే ట్యాంకు నింపిన ప్రతిసారీ కారు స్టార్ట్ అవడానికి మొరాయించవచ్చు.