మబ్బుల వాల్‌పేపర్ కొనే ముందు కిటికీ వైపు చూడండి

నమస్తే అండీ. ఆకాశం, మబ్బులు ఉన్న వాల్‌పేపర్ ఇంట్లో వేయించాలనుకుంటే ముందు కేటలాగ్ తెరవకండి. గది మధ్యలో నిలబడి కిటికీ ఏ పక్కన ఉందో చూసుకోండి. సగం పని అక్కడే తేలిపోతుంది.

ఎందుకో ఈ రెండు సాంపిల్ ముక్కల్లో చూపిస్తాను. మొదటిదాంట్లో మబ్బుకి ఎడమ అంచు తెల్లగా మెరుస్తోంది, కుడివైపు బూడిదరంగు నీడ ఉంది. అంటే బొమ్మలో ఎండ ఎడమ నుంచి పడుతోంది. ఈ గదిలో కిటికీ మాత్రం కుడివైపు ఉంది. ముక్కని గోడకి ఆనించి పెడుతున్నాను, చూడండి. వెలుతురు వచ్చే వైపే నీడ ఉంది. ఇంటికి వచ్చినవాళ్లకి కారణం తట్టకపోవచ్చు గానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. ఇప్పుడు రెండోది పెడుతున్నాను. ఇందులో కుడి అంచు తెల్లగా ఉంది. మన కిటికీలోంచి వచ్చే వెలుగే మబ్బుల మీద పడుతున్నట్టు లేదూ? గోడ కొలతకి ప్రింట్ చేయించుకుంటుంటే బొమ్మని ఎడమ కుడి మార్చి వేయమని మొహమాటపడకుండా అడగండి.

నిజం ఆకాశం నడినెత్తిన ముదురు నీలంగా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ పాలిపోతుంది. గోడ మీదా అంతే, పైన ముదురు, కింద లేత. ఇంకోటి, దూదిమబ్బులకి అడుగు చదునుగా, కాస్త నల్లగా ఉంటుంది. పైకి లేచిన గాలి ఒక ఎత్తుకి చేరేసరికి చల్లబడి, అందులోని ఆవిరి నీటి బిందువులవుతుంది. ఆ ఎత్తే మబ్బుకి అడుగు. ఈ చదును అడుగు కనిపించే బొమ్మ గోడకి చక్కగా ఉంటుంది. అదే సీలింగ్‌కి వేస్తే మబ్బులు పక్కకి ఒరిగినట్టు కనిపిస్తాయి. సీలింగ్‌కి నేలమీద నుంచి నేరుగా పైకి చూసి తీసిన ఫోటోయే కావాలి.

ఏ గదికి అంటే, పిల్లల గది, లేదా బెడ్‌రూమ్‌లో మంచం తలవైపు గోడ. ఒక్క గోడ చాలు. టీవీ వెనక వద్దు, కళ్లు అలసిపోతాయి.

మన బెంగళూరు సంగతి కొంచెం వేరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చాలా ఫ్లాట్లలో కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడే కనిపిస్తుంది. పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బయట ముసురు. అలాంటి గదికి ముదురు నీలం, బూడిద మబ్బులు వేస్తే పగలు కూడా దిగులుగా ఉంటుంది. మీగడ రంగు, లేత గులాబీ కలిసిన తెల్లవారు ఆకాశం తీసుకోండి. నాకు నచ్చేది కూడా అదే.

బల్బులు కూడా చూసుకోవాలి. 3000 కెల్విన్ పసుపు వెలుగులో లేత నీలం మసకబారుతుంది. 4000 అయితే రంగు నిలుస్తుంది. ఈ అంకె బల్బు డబ్బా మీదే ఉంటుంది. మబ్బు అంచు, ఖాళీ నీలం రెండూ ఉన్న ముక్కని అసలు సైజులోనే ప్రింట్ చేసి ఇమ్మనండి. దాన్ని ఒక పగలూ ఒక రాత్రీ గోడకి అంటించి ఉంచండి. మబ్బు అంచు గళ్లు గళ్లుగా విడిపోయినా, నీలం మెట్లు మెట్లుగా మారుతున్నా ఆ ఫోటో పెద్ద గోడకి పనికిరాదు.

బాత్రూమ్‌ని ఆనుకున్న గోడైతే ప్లాస్టిక్ కవర్ ఒకటి నాలుగు వైపులా టేప్ వేసి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు గోడ వైపు చెమ్మ కనిపిస్తే ముందు లీకేజీ సరిచేయించండి. చెమ్మ మీద అంటిస్తే లోపల బూజు పడుతుంది.

అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌ని అడగండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత ఇక్కడ మామూలే. వెనక స్టిక్కర్ ఉండే రకమైనా ముందు తలుపు వెనక చిన్న ముక్క అంటించి, వారం తర్వాత లాగి చూడండి. దాంతోపాటు పెయింట్ ఊడొస్తే వద్దు.

ఇక లెక్క. ఎక్కువగా దొరికే రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు, అంటే సుమారు 57 చదరపు అడుగులు. మీ గోడ 11 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు అనుకుందాం. 99 చదరపు అడుగులే కదా, రెండు రోల్స్ సరిపోతాయి అనిపిస్తుంది. సరిపోవు. ఆ వెడల్పుకి 7 పట్టీలు కావాలి. డిజైన్ కలవడానికి పోయే ముక్క తీసేస్తే రోల్‌కి మూడే పట్టీలు వస్తాయి. కాబట్టి మూడు రోల్స్. మూడింటి మీదా బ్యాచ్ నంబర్ ఒకటేనా అని షాపులోనే చూసుకోండి. తర్వాత విడిగా తెచ్చిన రోల్‌లో నీలం కొంచెం మారినా మబ్బుల మధ్య గీతలా కనిపిస్తుంది.

అంటించే రోజు ఫ్యాన్ వేయకండి, కిటికీలు మూసే ఉంచండి. గమ్ గబగబా ఆరితే జాయింట్లు విచ్చుకుంటాయి. ఉక్కపోస్తోందని పనివాళ్లు ఫ్యాన్ వేస్తారు, కాబట్టి పని మొదలుపెట్టే ముందే వాళ్లకి ఈ మాట చెప్పండి.