గిటార్ పికప్ అయస్కాంతాలకు ఏ పూత వేయాలి? నీటి ఆధారిత ఇన్సులేషన్ పూత రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ రోజు నా బల్ల మీద ఉన్నది, చేత్తో గిటార్ పికప్‌లు, అంటే గిటార్ తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతం, తీగచుట్ట గల భాగాలు, చుట్టేవారి కోసమని ప్రత్యేకంగా అమ్ముతున్న నీటి ఆధారిత పాలీయూరిథేన్ పూత. అమ్మే సంస్థవారు ఈ సీసాను నాకు ఉచితంగా పంపారు. రివ్యూ కోసం డబ్బు ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని కూడా అడగలేదు. సీసా పరిమాణం, ధర, ఆరే సమయం వంటి వివరాలు అమ్మకపు పేజీలో మీరు చూసే ఉంటారు కాబట్టి వాటిని మళ్లీ చదివి వినిపించను. అసలు ఈ పూత అయస్కాంతానికి ఏ మేలు చేస్తుంది, ఏ కీడు చేస్తుంది అన్నదే ఈ వీడియోలో చూద్దాం.

హంబకర్లు, పీ-90లు అనే రకాల పికప్‌లు చుట్టేవారికి తీగ నేరుగా లోహానికి తగిలే సమస్యే లేదు, ఎందుకంటే వాటిలో తీగకూ లోహానికీ మధ్య ప్లాస్టిక్ బాబిన్, అంటే తీగ చుట్టే చట్రం, అడ్డంగా ఉంటుంది. 1954లో వచ్చిన ఫెండర్ సంస్థ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లోని పికప్ నిర్మాణం వేరు. పైన ఒకటి, కింద ఒకటి వల్కనైజ్డ్ ఫైబర్ పలకలు, వాటి మధ్య బిగించిన ఆరు ఆల్నికో (ఒక అయస్కాంత మిశ్రమలోహం) కడ్డీలు, అంతే. 42 గేజ్ రాగి తీగ, అంటే సుమారు 0.063 మిల్లీమీటర్ల మందం గల తీగ, ఆ కడ్డీలనే ఆనుకుని దాదాపు 8,000 చుట్లు తిరుగుతుంది. తీగ మీద ఉన్న ఎనామెల్ అనే ఇన్సులేషన్ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఆల్నికో-5 కడ్డీలో సగం దాకా ఇనుమే కాబట్టి అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, చెమట తగిలితే తుప్పు కూడా పడుతుంది. ఆ తుప్పు ఉబ్బి ఎనామెల్‌ను కొరికేస్తుంది. విశాఖపట్నంలో, కాకినాడలో, సముద్రపు గాలి తగిలే ఏ ఊరిలోనైనా గిటార్ వాయించేవారు పికప్ కవరు విప్పి చూస్తే కడ్డీల పైభాగాన ఆ గోధుమరంగు పొడి కనిపిస్తుంది.

ఎనామెల్ ఒకే చోట పోతే కడ్డీ ఆ చుట్టుతో కలిసిపోతుంది. అదే కడ్డీ దగ్గర రెండు చోట్ల పోతే ఆ రెండింటి మధ్య ఉన్న చుట్లన్నీ షార్ట్ అయిపోతాయి, శబ్దంలో పదును తగ్గిపోతుంది. ఇక్కడ చాలామంది మల్టీమీటరు మీద పెట్టుకున్న నమ్మకం గురించి ఒక మాట చెప్పాలి. 8,000 చుట్లలో లోపలి 100 చుట్లు షార్ట్ అయితే రెసిస్టెన్స్ తగ్గేది ఒక శాతానికి కాస్త అటూ ఇటూ మాత్రమే. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతం మారుతుంది. అంటే గదిలో నాలుగు డిగ్రీల వేడి పెరిగితే, మీటరు మీద ఆ లోపం పూర్తిగా మరుగున పడిపోతుంది. 6 కిలోఓమ్‌లు చూపిస్తోంది కాబట్టి పికప్ బాగుందనుకోవడానికి వీల్లేదు. అందువల్ల తీగ చుట్టకముందే పూతను పరీక్షించుకోవాలని నేను పట్టుబడతాను.

ఆ పరీక్షను మీ ముందే చేసి చూపిస్తున్నాను. ఇది పనికి వాడని పాత బాబిన్, అంటే పలకలు, కడ్డీలు బిగించిన చట్రం. కడ్డీల పైభాగాలను శుభ్రంగా గీకి లోహం కనిపించేలా చేశాను. పూత వేసిన భాగం చుట్టూ ఉప్పునీటిలో తడిపి పిండిన దూదిని చుట్టాను. మీటరును 20 మెగాఓమ్‌ల రేంజిలో పెట్టి, ఒక ప్రోబ్‌ను దూదికి, మరొకదాన్ని కడ్డీ పైభాగానికి ఆనిస్తున్నాను. పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా ఆ తడి లోహాన్ని అందుకుంటుంది, మీటరు మీద అంకె కదులుతుంది. ఈ సీసాలోని పూత ఒక్క పొర వేసినప్పుడు కొన్ని కడ్డీల దగ్గర అంకెలు కదిలాయి, ఎందుకంటే గ్రైండింగ్ గీతల అంచుల దగ్గర పొర పల్చబడింది. రెండో పొర వేశాక ఏ కడ్డీ దగ్గరా కదలిక లేదు. వాసన దాదాపు లేదు. పొర గట్టిగా ఉంది, గోటితో గీరినా లేవలేదు. చుట్లు కదలకుండా పికప్‌లకు మైనం పట్టిస్తారు కదా, 60 నుంచి 65 డిగ్రీల దగ్గర కరిగించిన ఆ మైనంలో ముంచి తీసినా మెత్తబడలేదు. ఇన్సులేషన్ వరకూ దీనికి నేను మంచి మార్కులే వేస్తాను.

నాకు కోపం తెప్పించినది మాత్రం ఫైబర్ పలక. వల్కనైజ్డ్ ఫైబర్ అంటే జింక్ క్లోరైడ్‌తో నానబెట్టి, ఒత్తి, కడిగి తయారుచేసిన సెల్యులోజ్ కాగితమే. అది నీటిని తాగుతుంది, తాగి ఉబ్బుతుంది. నీటి ఆధారిత పూతను కడ్డీల మొదళ్లలో పూస్తే పలక ఊరుకుంటుందా? ఈ పై పలక మందం 1.6 మిల్లీమీటర్లు. చదునైన అద్దం మీద పెట్టి చూపిస్తున్నాను, రెండు చివరలూ ఎంతగా పైకి లేచాయో చూడండి. మధ్యలో నొక్కితే ఊగుతోంది. పూత ఆరినా వంపు పూర్తిగా పోలేదు. రెండు పలకల మధ్య సుమారు 11 మిల్లీమీటర్లు ఉండాల్సిన ఎడం చివరల్లో పెరిగిపోయింది కాబట్టి, తీగ ఆ సందులోకి జారి వదులు చుట్లు పడతాయి. వదులు చుట్లు పడితే మైనం ఎంత పట్టించినా అవి కంపించి చేసే కీచుగోల ఆగకపోవచ్చు. పికప్‌లు చుట్టేవారి కోసమే తయారుచేశామని సీసా మీద రాసినప్పుడు, ఆ పికప్‌లు దేనితో తయారవుతాయో తెలుసుకుని ఉండాల్సింది. మూతకు బిగించిన కుంచె కూడా ఆ అజాగ్రత్తనే చూపిస్తోంది. కడ్డీల మధ్య ఖాళీ సుమారు ఐదున్నర మిల్లీమీటర్లే, కుంచె అంతకంటే వెడల్పుగా ఉంది, దాంతో పూత కడ్డీకి అంటడానికి బదులు పలక మీద మడుగు కడుతోంది.

దీనికి ముందు నేను వాడినవాటి గురించి కూడా చెప్పాలి. 1950లలో ఫెండర్ కర్మాగారంలో తీగ చుట్టకముందే బాబిన్లను నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో ముంచేవారు. మన ఫర్నిచర్ పనివారు వాడే ఎన్‌సీ లాకర్ ఆ నైట్రోసెల్యులోజ్ జాతిదే. థిన్నర్ కలిపి పల్చగా ముంచితే ఫైబర్ పలక వంగదు, పైగా బిగుసుకుంటుంది. అయితే వానాకాలంలో తేమకు తెల్లబారుతుంది, థిన్నర్ వాసన తలకెక్కుతుంది, పూర్తిగా ఆరడానికి చాలా రోజులు ఓపిక పట్టాలి. మోటారు వైండింగ్ దుకాణాల్లో దొరికే వార్నిష్‌ను కూడా నేను వాడి చూశాను. అది ఇన్సులేషన్‌కు పుట్టిన సరుకే కానీ, ఓవెన్‌లో కాల్చాల్సిన రకాలు ఫైబర్ పలకకు సరిపడవు, గాలికి ఆరే రకాలు నా చేతిలో మందంగానే పడ్డాయి.

నా మనసు మాత్రం లక్క మీదే నిలిచింది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురును శుద్ధిచేసి రేకులుగా అమ్ముతారు. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నునుపునిచ్చేది ఈ లక్కే. అక్కడి కళాకారులు తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే, రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. పికప్‌కు మనం వేడితో పనిలేకుండా స్పిరిట్‌లో కరిగించి వాడుకుంటాం. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌కు సుమారు 12 గ్రాముల రేకులు వేసి, రాత్రంతా కరగనిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టండి. సన్నని కుంచెతో రెండు మూడు పొరలు వేస్తే చాలు, స్పిరిట్ వెంటనే ఎగిరిపోతుంది, పలక వంగదు. కడ్డీ మొదట్లో, పలకను కలిసే మూలలో లక్క సన్నటి వలయంలా చేరి తీగకు మెత్తని ఒంపునిస్తుంది. ఆ వలయాన్ని దగ్గరగా చూపిస్తున్నాను, చూడండి. చుట్టేటప్పుడు తీగ తెగేది ఎక్కువగా ఆ మూలలోనే. లక్కకు రెండు జాగ్రత్తలున్నాయి. కలిపి ఉంచిన ద్రావణం నెలలు గడిచేకొద్దీ పాడైపోయి, పూశాక ఎంతకీ ఆరకుండా అంటుకుంటూ ఉంటుంది, కాబట్టి అవసరమైనంతే కలుపుకోండి. అది 75 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది, కాబట్టి మైనం గిన్నెలో థర్మామీటరు తప్పనిసరిగా ఉండాలి.

పూతకు బదులు టేపు వాడేవారి వాదనలోనూ బలముంది. 25 మైక్రాన్ల కాప్టన్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) టేపును ఆరు కడ్డీల చుట్టూ ఒక్క వరస చుడితే, ఆరబెట్టే పనే ఉండదు. పాత పద్ధతి పికప్‌లలో గిటార్ వాయించే తీగల్లో మూడోదాని కింద కడ్డీ ఎత్తుగా ఉంటుంది. నేటి సాదా మూడో తీగకు అది ఎక్కువని కొందరు దాన్ని కిందికి నొక్కుతారు, నొక్కినప్పుడు కడ్డీకి అంటుకున్న లోపలి చుట్లు తెగి పికప్ మూగబోతుంది. టేపు ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. కానీ టేపు వెడల్పు పలకల మధ్య ఎడానికి సరిగ్గా సరిపోవాలి. అర మిల్లీమీటరు తక్కువైనా అంచున కడ్డీ బయటపడుతుంది, తీగ సరిగ్గా అక్కడే దిగబడుతుంది. పైగా కడ్డీల వంపును అనుసరించకుండా టేపు వాటి మధ్య బిగువుగా నిలుస్తుంది కాబట్టి, అది తుప్పును ఆపుతుందని నేను అనుకోను. మరమ్మతుల కోసం టేపు ఉంచుకోండి, కొత్త బాబిన్‌కు లక్క వేయండి.

పూత ఏదైనా తీర్చలేని చిక్కు ఒకటుంది, దాని గురించి వ్యాఖ్యల్లో తరచుగా అడుగుతున్నారు. కడ్డీని వేలితో తాకితే చిటపట శబ్దం వస్తోందని, పూత సరిగా లేదేమోనని అంటున్నారు. పూత నిక్షేపంగా ఉన్నా, కడ్డీకీ లోపలి చుట్లకూ మధ్య కెపాసిటెన్స్, అంటే నేరుగా తగలకుండానే సంకేతం దాటే గుణం, ఉంటుంది. లోపలి కొసను సిగ్నల్ వైపు కలిపితే వేలి గోల సిగ్నల్‌లోకి చొరబడుతుంది. చుట్టడం మొదలుపెట్టిన కొసను ఎప్పుడూ గ్రౌండ్‌కే కలపండి. హమ్మనే రొద రద్దయ్యేలా మధ్య పికప్ చుట్టును రివర్స్ చేయాలంటే కొసలు మార్చకుండా, చుట్టే దిశనే మార్చండి.

ఇక ఈ సీసా విషయం. మీరు ఫైబర్‌కు బదులు సర్క్యూట్ బోర్డులకు వాడే గ్లాస్ ఎపాక్సీ పలకలతో బాబిన్లు చేస్తుంటే దీన్ని నిశ్చింతగా కొనండి, ఎందుకంటే అవి నీటికి వంగవు, ఈ పూత గట్టితనం పూర్తిగా ఉపయోగపడుతుంది. కుంచె మాత్రం వేరేది తెచ్చుకోండి. ఫైబర్ పలకలతో పనిచేసేవారు దీన్ని కొనవద్దు. ఇదే మాటను సంస్థవారికి కూడా రాశాను. స్పిరిట్ ఆధారంగా, సన్నటి కుంచెతో దీన్నే మళ్లీ తయారుచేస్తే, ఇదే ఉప్పునీటి దూదితో మీ ముందే పరీక్షించి చూపిస్తాను.