గ్లూటరాల్డిహైడ్‌లో ఒక చిన్న ముక్క

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం. మార్పిడి చేసిన కిడ్నీల పరీక్షలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పాత్ర గురించి మాట్లాడమన్నారు. 1931లో బెర్లిన్‌లో రుస్కా, నోల్ ఆ పరికరానికి తొలి రూపం ఇచ్చిన కథతో మొదలుపెట్టాలని రాసుకొచ్చాను గాని, వెనక వరుసలో బయాప్సీ గదుల టెక్నీషియన్లను చూశాక ఆ కాగితం పక్కన పెడుతున్నాను.

కొన్నేళ్ల కిందట, తల్లి ఇచ్చిన కిడ్నీతో కోలుకుంటున్న ఒక యువకుడికి వారం తిరగకుండానే మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోసాగింది. బయాప్సీని మామూలు మైక్రోస్కోపు కింద చూస్తే రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల ఉండలైన గ్లోమెరులస్‌లు నిక్షేపంగా ఉన్నాయి, శరీరం కొత్త కిడ్నీని తిరస్కరిస్తున్న ఆనవాళ్లు లేవు, పేరుకున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లోనూ ఏమీ పడలేదు. అతని సొంత కిడ్నీలను పాడుచేసిన ఎఫ్‌ఎస్‌జీఎస్ (కొన్ని గ్లోమెరులస్‌లలో అక్కడక్కడా మచ్చ కట్టే జబ్బు) తిరగబెట్టినా తొలి రోజుల్లో మచ్చ ఇంకా ఏర్పడదు కాబట్టి, వడపోత పొరను బయటినుంచి కప్పే పోడోసైట్ కణాల పాదాలు చదునైపోయాయేమో చూడవలసింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనే. తీరా అడిగితే, తీసిన కణజాలమంతా మామూలు మైక్రోస్కోపు కోసం వాడే ఫార్మలిన్‌లో వేశామన్నారు; ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం గ్లూటరాల్డిహైడ్ అనే నిల్వ ద్రవంలో ఏమీ దాచలేదు. ఆ కణజాలాన్ని పొదిగిన మైనపు దిమ్మ నుంచి ముక్కను వెనక్కి తీసి మళ్లీ తయారుచేయడం సాధ్యమే, సన్నని వివరాలు కొంత చెదిరినా పాదాల సంగతి తెలుస్తుంది. మా దిమ్మలో మాత్రం గ్లోమెరులస్ ఒక్కటీ మిగల్లేదు. "నా కిడ్నీలోనే లోపముందా డాక్టరమ్మా?" అని ఆ తల్లి అడిగితే, కాదని చూపడానికి నా చేతిలో ఒక్క బొమ్మ కూడా లేకపోయింది.

దీర్ఘకాలిక తిరస్కరణలోనూ ఇంతే. దాతకు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలు కేశనాళికల లోపలి కణాలను దెబ్బతీస్తే, వాటి కింద కొత్త పొర పేరుకుంటుంది. అది మామూలు మైక్రోస్కోపులో జంట గీతలుగా కనబడకముందే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పట్టిస్తుంది. మార్పిడి అవయవాల బయాప్సీలను అంచనా వేసే అంతర్జాతీయ పద్ధతి అయిన బాన్ఫ్ వర్గీకరణ 2013లో ఆ దశకు సీజీ1ఏ అని విడిగా గుర్తు పెట్టింది. మూత్రనాళికల చుట్టూ ఉన్న కేశనాళికల్లో ఒకదానికి ఏడు లేదా అంతకు మించి, మరో రెండింటికి అయిదేసి పొరలైనా ఉంటే తీవ్రమైన మార్పుగా లెక్కిస్తారు.

ప్రతి బయాప్సీకీ ఈ పరీక్ష చేయమని నేననను. టీ కణాలనే రోగనిరోధక కణాలు చేసే తిరస్కరణకూ, మార్పిడి కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్‌కూ సాధారణంగా దీని అవసరం రాదు, పైగా ఖర్చు. నేనడిగేది కిడ్నీ వెలుపలి భాగమైన కార్టెక్స్ నుంచి ఒక మిల్లీమీటరు ముక్కను తీసిన వెంటనే గ్లూటరాల్డిహైడ్‌లో దాచమని మాత్రమే. పరీక్షించాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు. వెనక వరుసలోని మిత్రులారా, రేపు డ్యూటీకి వెళ్లగానే మీ ఫ్రిజ్ తెరిచి, ఆ సీసా ఉందో లేదో, దాని మీద గడువు తేదీ ఏముందో ఒకసారి చూడండి.