పతకాల మధ్య ఖాళీలు: దెరార్తు తులు పరుగు

అందరికీ నమస్కారం.

ఈరోజు ఇథియోపియా రన్నర్ దెరార్తు తులు గురించి మాట్లాడతాను. ఆమె గెలిచిన పతకాల లిస్టు ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. నేను చెప్పాలనుకుంటున్నది ఆ పతకాల మధ్య ఉన్న ఖాళీల గురించి. పరుగెత్తే అమ్మాయికి దెబ్బ తగిలినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా ‘ఇంక ఈమె పని అయిపోయింది’ అని మనవాళ్లు ఎంత తొందరగా తేల్చేస్తారో ఇక్కడున్న కోచ్‌లకూ తల్లిదండ్రులకూ తెలుసు.

దెరార్తు 1972లో అర్సీ ప్రాంతంలోని బెకోజీలో పుట్టింది. సముద్రమట్టానికి దాదాపు 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. అక్కడ ఆక్సిజన్ తక్కువ అందుతుంది కాబట్టి ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి, దూరపు పరుగుకు అది కలిసొస్తుంది. అందరూ ఈ సంగతే చెబుతారు. కానీ ఎత్తైన ఊళ్లు ప్రపంచంలో బోలెడు. బెకోజీలో సెంతయేహు ఎషెటు అనే మాస్టారు కూడా ఉన్నారు. దెరార్తు, తర్వాత ఒలింపిక్ విజేతలైన కెనెనిసా బెకెలె, తిరునేష్ దిబాబా ఆయన దగ్గర మొదలైనవాళ్లే. ఊళ్లో పిల్లలను పట్టించుకునే ఒక్క మాస్టారు ఉంటే ఎంత మారుతుందో చూడండి.

ఒలింపిక్స్‌లో మహిళలకు 10,000 మీటర్ల పరుగు పెట్టిందే 1988లో. అప్పటికి దెరార్తుకు పదహారేళ్లు. నాలుగేళ్లకే, 1992లో, బార్సిలోనా ట్రాక్ మీద ఆ పరుగులో నిలబడింది. పాతిక రౌండ్ల రేసు. సగం దాటాక దక్షిణాఫ్రికా రన్నర్ ఎలానా మేయర్ వేగం పెంచింది. దెరార్తు ఒక్కతే ఆమె వెనకాల అంటిపెట్టుకుని వెళ్లింది. ముందుకు రమ్మన్నట్టు మేయర్ సైగ చేసినా వెళ్లలేదు. చివరి రౌండ్‌లో మాత్రం ఒక్కసారిగా దూసుకుపోయింది. 31 నిమిషాల 6.02 సెకన్లలో బంగారు పతకం! ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికా మహిళ ఆమె.

గెలిచాక మేయర్ కోసం ఆగింది. వర్ణవివక్ష వల్ల దూరం పెట్టిన దక్షిణాఫ్రికా 32 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు తిరిగొచ్చిన సంవత్సరం అది. నల్లమ్మాయి, తెల్లమ్మాయి చేతులు పట్టుకుని ట్రాక్ చుట్టూ పరుగెత్తారు. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమర్చుతాయి.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగలేదు. 1995లో ప్రపంచ క్రాస్‌కంట్రీ, అంటే ట్రాక్ మీద కాకుండా గడ్డి, మట్టి నేల మీద సాగే పరుగు, గెలిచింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో గాయంతోనే పరుగెత్తి నాలుగో స్థానంతో ఆగిపోయింది. 1998లో కూతురు పుట్టింది. మన దగ్గరైతే ఇక్కడే సన్మానం చేసి ఇంటికి పంపేసేవాళ్లం.

దెరార్తు 2000లో మళ్లీ ప్రపంచ క్రాస్‌కంట్రీ గెలిచి, అదే ఏడాది సిడ్నీలో రెండో ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకుంది. టైమ్ 30 నిమిషాల 17.49 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. బార్సిలోనా కన్నా దాదాపు 49 సెకన్లు తక్కువ! ఇరవై ఏళ్ల అమ్మాయిగా పరుగెత్తినప్పటికన్నా తల్లయ్యాక ఇంకా వేగంగా పరుగెత్తింది. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుని, మీకు తెలిసిన ప్రతి కోచ్‌కీ చెప్పండి.

మరుసటి ఏడాది లండన్ మారథాన్, ఎడ్మంటన్‌లో 10,000 మీటర్ల ప్రపంచ టైటిల్. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కాంస్యం. మళ్లీ కొన్నేళ్లు పెద్ద విజయం లేదు. 2009లో ముప్పై ఏడేళ్ల వయసులో న్యూయార్క్ మారథాన్‌కు వచ్చింది. అప్పటికి అక్కడ మూడుసార్లు గెలిచిన బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ మీదే అందరి చూపూ. రాడ్‌క్లిఫ్ నాలుగో స్థానంలో వచ్చింది. దెరార్తు 2 గంటల 28 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఆ రేసు గెలిచిన మొదటి ఇథియోపియా మహిళ ఆమే.

2018లో ఇథియోపియా అథ్లెటిక్స్ సమాఖ్యకు అధ్యక్షురాలైంది. ఆమెకు బంధువైన తిరునేష్ దిబాబా కూడా ఇదే దారిలో నడిచింది. 2015లో బాబు పుట్టాడు, 2016లో రియో ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు ఇక్కడున్న అమ్మాయిలతో మొదలుపెడదాం.