జానీ లీవర్: వేదిక నుంచి పాత్రలోకి

శ్రోతలకు నమస్కారం.

తాను పనిచేసిన కర్మాగారం పేరునే ఇంటిపేరుగా మార్చుకున్న నటుడి గురించి ఈ పూట మాట్లాడుకుందాం. జానీ లీవర్ అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957 ఆగస్టు 14న కనిగిరిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, ముంబైలో పెరిగారు. పేదరికం వల్ల ఏడో తరగతితోనే చదువు ఆగిపోయింది. సినిమా నటుల గొంతులను అనుకరిస్తూ, వారిలాగే చిందులు వేస్తూ వీధుల్లో పెన్నులు అమ్మారు. ఆ తరువాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలోనే కూలీగా చేరి బరువైన డ్రమ్ములు మోశారు. ఒకసారి సంస్థ వేడుకలో ఆయన పై అధికారుల నడకనూ మాటతీరునూ అనుకరించి చూపగా, తోటి కార్మికులు మురిసిపోయి 'జానీ లీవర్' అని పేరు పెట్టారు.

కార్మికులు తమను అదిలించే అధికారిని తమలో ఒకడి ఒంట్లో చూసుకుని నవ్వారంటే, అందులో గొంతు కలవడం కన్నా గమనింపు పదునే ఎక్కువ. ఆ పదునే ఆయనను హిందీ సినీ సంగీత దర్శకులైన కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల సంగీత కార్యక్రమాల్లోకి, 1982లో వారితోనూ అమితాబ్ బచ్చన్‌తోనూ కలిసి సాగిన విదేశీ యాత్రలోకి తీసుకువెళ్లింది. ఆ రోజుల్లో ఆయన హాస్యం క్యాసెట్లుగా కూడా ఇంటింటికీ చేరింది. ముఖం కనిపించని చోట గొంతుతోనే నవ్వించడం ఎంత కష్టమో రేడియోలో మాట్లాడే మాబోటివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

అదే ఏడాది నటుడు, దర్శకుడు సునీల్ దత్ 'దర్ద్ కా రిష్తా' చిత్రంలో అవకాశం ఇచ్చారు. అయినా ప్రేక్షకులు ఆయనను నటుడిగా గుర్తుంచుకోవడానికి 1993లో 'బాజీగర్' రావలసి వచ్చింది. ఈ పదకొండేళ్ల ఆలస్యానికి అవకాశాల కొరత ఒక్కటే కారణం కాదేమో అనిపిస్తుంది. వేదిక మీద హాస్యకారుడు ప్రేక్షకుడితో కన్ను కలుపుతాడు, నవ్వు చల్లారేదాకా ఆగుతాడు, ఆ నవ్వు బలాన్ని బట్టి తరువాతి మాటను కుదిస్తాడు లేదా సాగదీస్తాడు. చిత్రీకరణ జరిగే చోట ఎవరూ నవ్వకూడదు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చివరికి తేల్చేది ఎడిటింగ్ బల్ల. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. తాను నవ్విస్తున్నానని హాస్యకారుడికి తెలుసు. పాత్రకు మాత్రం ఆ సంగతి తెలియకూడదు.

'బాజీగర్'లోని మతిమరుపు నౌకరు బాబూలాల్ ఆ చిక్కుముడిని విప్పాడు. అతడు హాస్యం చేయడు. మరిచిపోయినదాన్ని గుర్తుకు తెచ్చుకోవడానికి నిజంగానే తంటాలు పడతాడు. కనుబొమలు, మెడ, చేతివేళ్లు అన్నీ ఆ ప్రయత్నంలోనే మునిగి ఉంటాయి కాబట్టి, ప్రతీకారం చుట్టూ తిరిగే అంత చీకటి కథలో కూడా అతడు అతికించిన ముక్కలా కనిపించడు. 1998 నాటి 'దూల్హే రాజా'లో పని మరింత సున్నితమైనది. ఖాదర్ ఖాన్ పోషించిన హోటల్ యజమాని దగ్గర జీతం తీసుకుంటూ, లోలోపల కథానాయకుడు గోవింద పక్షాన నిలిచే ఉద్యోగి పాత్ర అది. యజమానికి కనబడే వినయం, మనకు మాత్రమే కనబడే కొంటెతనం ఒకే ముఖంలో పక్కపక్కనే ఉండాలి. ఆ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ హాస్యనటుడి పురస్కారం లభించింది.

అయితే ఆయన చేసిన వందల చిత్రాలన్నీ ఈ స్థాయిలో లేవని ఒప్పుకోవాలి. ఆనాటి హిందీ చిత్రాల్లో హాస్యాన్ని కథకు వెలుపల విడిగా నడపడం అలవాటు. సన్నివేశాన్ని సరిగా రాయకుండా, వేదిక అనుభవం ఉన్నవాడు ఎలాగో నెట్టుకొస్తాడులే అన్న ధీమా కొందరు దర్శకులకు ఉండేది. అటువంటి చోట్ల ఆయన ముఖకవళికలు శ్రుతి మించాయి, పాత్ర చెదిరిపోయి పాత అనుకరణ కళాకారుడే బయటపడ్డాడు. పట్టుకోవడానికి మరో మనిషి ఎదురుగా ఉన్నప్పుడు, ఖాదర్ ఖాన్ వంటి నటుడు మాట అందించినప్పుడు మాత్రం, ఒకప్పుడు అధికారుల నడకను పసిగట్టిన ఆ కళ్లు ఎదుటివాడి మీదే నిలిచి, తన వంతు మాట కోసం ఓపికగా ఎదురుచూసేవి.