లక్ష్మా గౌడ్ గీత: జింకు రేకు నుంచి మట్టి తల దాకా

నమస్కారం. బల్ల మీద నాలుగు కిలోల ఎర్రమట్టి, ఒక దబ్బనం, ఒక వెదురు పుల్ల ఉన్నాయి. పక్కన తెరిచి పెట్టింది చిత్రకారుడు కలాల్ లక్ష్మా గౌడ్ ఎచింగుల పుస్తకం. ఎచింగ్ అంటే లోహపు రేకు మీద గీసి, యాసిడ్‌తో తినిపించి, కాగితం మీద తీసే అచ్చు బొమ్మ. ఈ వీడియోలో ఎనిమిది అంగుళాల మట్టి తల ఒకటి కడదాం. ముందు కాసేపు ఆయన గీతను చూడాలి. అది చూడకుండా కడితే తలపాగా చుట్టిన బొమ్మ ఒకటి తయారవుతుంది, అంతే.

లక్ష్మా గౌడ్ 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. తోలుబొమ్మలు, మట్టిపని దగ్గర్నుంచి చూస్తూ పెరిగారు. తోలుబొమ్మ వెనక దీపం పెడితే ఏం కనిపిస్తుంది? తెగ్గోసినట్టున్న బయటి అంచు, లోపల పొడిచిన చిల్లుల్లోంచి వెలుగు. నగలూ చీర అంచూ అన్నీ ఆ చిల్లులే. ఇప్పుడు ఈ పేజీ చూడండి. మనిషి అంచు ఎంత ధీమాగా ఉందో, లోపలంతా ఎంత సన్నటి పని నిండి ఉందో. ఈ రెండింటికీ చుట్టరికం ఉందనే మా నమ్మకం.

హైదరాబాద్ లలిత కళల కాలేజీలో 1963లో డిప్లొమా పూర్తయ్యాక బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్ (గోడ మీద వేసే పెద్ద బొమ్మలు), ప్రింట్‌మేకింగ్ (అచ్చు బొమ్మలు) నేర్చుకున్నారు. చేతివృత్తుల వాళ్ల పనితనాన్ని ఆర్ట్ కాలేజీ చదువుకంటే తక్కువగా చూడని గురువు సుబ్రమణ్యన్. ఆయన శిష్యుడు తిరిగొచ్చాక గీసింది మళ్లీ తన ఊరినే. మేకలు, చెట్లు, తలపాగాల మగవాళ్లు, పెద్ద ముక్కుపుడకల ఆడవాళ్లు. శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది. బడిపిల్లలకు చూపించే టీచర్లు ముందు ఒకసారి తిరగేసి ఎంచుకోండి.

ఎచింగ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ గీత ఇంకా బాగా అర్థమవుతుంది. జింకు రేకు మీద మైనం, తారు కలిసిన పూత వేసి ఆరనిస్తారు. సూదితో గీస్తే పూత మాత్రమే లేస్తుంది. రేకును లోతుగా చెక్కాల్సిన పని లేదు, అందుకే చెయ్యి పెన్నుతో గీసినంత తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత పలచటి నైట్రిక్ యాసిడ్‌లో పెడితే, లేచిన చోటల్లా జింకును తినేస్తుంది. ఎక్కువసేపు ఉంచిన గీత లోతవుతుంది, సిరా నింపి కాగితం మీద తీసే అచ్చులో నల్లగా పడుతుంది. గీత మీద చేరే బుడగల్ని ఈకతో తోసెయ్యకపోతే అంచు గరుకుగా తినేస్తుంది. అచ్చులో కుడి ఎడమవుతుందన్న సంగతి మర్చిపోతే మీరు రాసిన పేరు తిరగబడుతుంది! ఇది ఇంట్లో చేసే పని కాదు. గాలి బాగా ఆడే స్టూడియోలో, నేర్పేవాళ్లు పక్కనుండగా చెయ్యాలి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ, నీళ్లను యాసిడ్‌లో ఎప్పుడూ పొయ్యకూడదు.

తర్వాత లక్ష్మా గౌడ్ గవాష్ (చిక్కటి నీటి రంగు), పాస్టెల్ (రంగు సుద్ద), గాజు వెనక వేసే బొమ్మలు, టెర్రకోట (కాల్చిన మట్టి), కంచు అన్నీ పట్టారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో పాఠాలు చెప్పారు, 2016లో పద్మశ్రీ వచ్చింది. ఇక చేతులు తడి చేసుకుందాం.

మట్టిలో ఐదో వంతు గ్రాగ్ కలపండి. గ్రాగ్ అంటే కాల్చిన మట్టిని దంచి జల్లించిన పొడి. అది లేకపోతే ఆరేటప్పుడు ముడుచుకోవడం ఎక్కువై పగుళ్లిస్తుంది. బాగా పిసికి, వేలి మందం తాళ్లు చెయ్యండి. నాలుగంగుళాల వెడల్పు మెడతో మొదలుపెట్టి తాడు మీద తాడు పేర్చుకుంటూ, లోపలి వైపు బొటనవేలితో కిందికి రుద్ది కలపండి. గోడ మందం అంతటా ఒక సెంటీమీటర్ ఉండాలి. గడ్డం దాకా వచ్చాక గంటో రెండు గంటలో ఆగండి. ఆగకపోతే పైబరువుకు మెడ కుంగుతుంది. లోపల పాత పేపర్ ఉండలు కుక్కితే బుగ్గలు నిలబడతాయి. కాల్చేటప్పుడు అవి కాలిపోతాయి. తలపాగాను ముద్దగా పెట్టొద్దు, అదీ బోలుగానే కట్టాలి. ముక్కు, చెవులు అతికించే చోట రెండు వైపులా దబ్బనంతో గీకి, పెరుగులా చిక్కగా కలిపిన అదే మట్టి రాసి నొక్కండి. ఉత్త నీళ్లతో అతికిస్తే ఆరగానే ఊడి చేతికొస్తుంది. మెడ అడుగు తెరిచే ఉండాలి. మూసేస్తే చిటికెన వేలంత బెజ్జం పెట్టండి.

గీత ఎప్పుడు గియ్యాలి? అసలు కష్టం ఇక్కడే. వేలితో నొక్కితే సొట్ట పడకూడదు, గోరుతో గీస్తే గీత పడాలి. ఆ అదును కోసం ఆగండి. తడిగా ఉండగా గీస్తే దబ్బనం మట్టిని దున్నుతుంది, మరీ ఆరితే అంచులు పెచ్చులూడతాయి. కనుబొమ్మ, కంటి అంచు, పెదవి గీతల్ని మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో లాగండి. మీసానికి, తలపాగా మడతలకు సన్నటి గీతలు దగ్గరదగ్గరగా వెయ్యండి. బుగ్గ, నుదురు ఖాళీగా వదిలెయ్యండి. చుట్టూ అంత పని ఉన్నప్పుడే ఆ ఖాళీకి బరువొస్తుంది. గీత పక్కన లేచే మట్టి రవ్వను అప్పుడే తుడవకండి, గీత పూడిపోతుంది. పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో దులిపితే రాలిపోతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి, తర్వాత నీడలో వారం పది రోజులు ఆరనివ్వండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. బట్టీలో బొమ్మ పేలిందంటే అందరూ గాలి బుడగను తిడతారు. చాలాసార్లు అసలు దోషి ఆవిరైన ఆ తడే. 90 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఉంచి, గంటకు 60 డిగ్రీలకు మించకుండా 600 దాకా తీసుకెళ్లండి. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడూ అక్కడే సంకోచిస్తుంది. అందుకే రెండుసార్లూ తొందర వద్దు. 950 దగ్గర ఆపేసి, 100 కిందికి దిగాకే మూత తియ్యండి. కాలేటప్పుడు బట్టీలో గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రగా తేలుతుంది, పొగ కమ్మితే నల్లబడుతుంది.

చివర్లో ఎచింగ్ నుంచి ఒకటి అరువు తెచ్చుకుందాం. జింకు రేకుకు సిరా రాసి పైపైన తుడిస్తే గీతల్లో మాత్రం మిగులుతుంది కదా? తలనూ అలాగే చేద్దాం. లక్ష్మా గౌడ్ ఇలాగే చేస్తారని చెప్పడం లేదు, ఇది మన ప్రయోగం. కాల్చిన మట్టి రంగును పీల్చేస్తుంది కాబట్టి ముందు తలను నీళ్లతో బాగా తడపండి. పలచటి నల్ల యాక్రిలిక్ రంగును చిన్న చిన్న భాగాలుగా గీతల్లోకి రుద్ది, ఆరకముందే తడి స్పాంజితో పైన తుడిచెయ్యండి. మొదట మెడ వెనక, ఎవరికీ కనిపించని చోట చేసి చూడండి. అక్కడ మరక మిగిలితే ఇంకొంచెం తడిపి ముఖానికి రండి.